రానన్నవాళ్ళ లెక్క

బగారా అన్నానికి కాగిన నూనెలో షాజీరా, పుదీనా వేసినప్పుడు లేచే వాసన నన్ను ఇప్పటికీ ఉన్నచోటే నిలబెట్టేస్తుంది. నిన్న కండ్లకోయ దగ్గర ఒక ఫంక్షన్ హాలులో పెళ్ళి వంట చేయిస్తున్నాం. ఆ వాసన గుప్పుమన్న సమయానికే మా తమ్ముడు నరేశ్ వచ్చి నా చెవిలో చెప్పాడు. "అన్నా, పెండ్లిపిల్ల చిన్నబాపు బయట బండి కాడ నిలవడ్డడు. పత్రికల పేరెయ్యలేదని అలిగిండంట. ఎవ్వలు పిలిచినా వస్తలేడు. ఇగ నువ్వే పోవాలె." నాకు నవ్వొచ్చింది. ఏ పెళ్ళిలో చూసినా అలిగి బయట నిలబడే చిన్నాన్నో మేనమామో ఒకడుంటాడు. ఎంతమందికి ఎంత బియ్యం, ఎంత మాంసం అని లెక్క చెప్పడం నా వృత్తి. అలిగినవాణ్ణి లోపలికి తీసుకురావడం వృత్తిలో లేని పని. రెండూ నాకు నేర్పింది ఒక్క మనిషే, మా ఎస్తేరు టీచర్.

రావల్కోల్‌లో ఆమె మా ఇంటికి రెండిళ్ళ అవతల అద్దెకుండేవారు. రోజూ బస్సెక్కి శామీర్‌పేట వైపు ఒక బడికి వెళ్ళి చిన్నపిల్లలకు చదువు చెప్పేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఊరవతలికి వినిపించేది. పది తప్పి పొలంలో దిగిన నాకు అప్పటికి ఈ లెక్కలు ఎవరూ నేర్పలేదు. వంకాయ కుప్పను చూసి ఎన్ని బస్తాలవుతుందో చెప్పడం అలా అలవాటైపోయింది, అంతే. టీచర్ అది గమనించి, తొంభైల చివర్లో ఒక క్రిస్మస్‌కు మా ఊరి రేకుల చర్చి విందు లెక్క నాకు అప్పగించారు. మాది మల్లన్నను మొక్కే ఇల్లు అంటే, "అన్నం లెక్కవెడితే మల్లన్న ఏమనుకోడు తియ్" అన్నారు. నేను ఇల్లిల్లూ తిరిగి, వస్తామన్నవాళ్ళను కూడి, గర్వంగా సంఖ్య చెప్పాను.

"రానన్నోళ్ళను లెక్కవెట్టినవా మల్లేశా?"

"రానన్నోళ్ళను ఎందుకు లెక్కవెడ్త టీచర్?"

"పిచ్చి కొడుకా, వాళ్ళు అలిగినోళ్ళు. వస్తమన్నోళ్ళ కంటె వాళ్ళకే ఆకలెక్కువ."

నేను నమ్మలేదు. తీరా చూస్తే, రానన్నవాళ్ళే ఆ రోజు మొదటి బంతిలో కూర్చున్నారు. వస్తామన్నవాళ్ళ కోసం మళ్ళీ పొయ్యి రాజేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా లెక్కలో ఆ వరుస కూడా చేరింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. మేడ్చల్ చుట్టుపక్కల భూముల ధరలు లేచిన కాలం అది. నరేశ్‌కు పొలం మీద మనసు లేదు. తన వంతు తనకు ఇచ్చేయమని పట్టుబట్టాడు. నాయిన బతిమాలాడు, తిట్టాడు, చివరికి బోరు పక్కనున్న ముక్క అమ్మి చేతిలో పెట్టాడు. తమ్ముడు దానితో జీపు కొని పట్నం పోయాడు. ముందు దోస్తులు పోగయ్యారు. తర్వాత జీపు పోయింది, దాని వెనకే దోస్తులూ పోయారు. రెండేళ్ళకు ఒక సాయంత్రం, చేతిలో పాలిథిన్ కవరుతో మేడ్చల్ నుంచి నడిచొచ్చాడు. మోకాలు నొప్పని మంచం దిగని నాయిన, వంకాయ మళ్ళు తొక్కుకుంటూ ఎదురు పరుగెత్తాడు. వాడు "నాయినా, నేను తప్పు..." అంటుండగానే, "అన్నం తిన్నవారా?" అన్నాడు. మర్నాడు పొట్టేలును కోశారు. పిల్లప్పటి నుంచి తుమ్మకాయలు ఏరి తెచ్చి నేను మేపిన పొట్టేలు అది.

ఆ కూర నేను ముట్టలేదు. ఆ రోజు నుంచి నా తిండి బోరు మోటారు గది దగ్గర. వాడు వాకిట్లో ఉంటే నేను పొలంలో, వాడు పొలంలోకొస్తే నేను వాకిట్లో. ఒక్క ఇంటికి రెండు చోట్ల వడ్డించలేక అమ్మ అలసిపోయింది. ఇలా నెల గడిచి, క్రిస్మస్ దగ్గరపడింది.

టీచర్ కబురు పెట్టారు. విందు లెక్క కోసమేననుకుని వెళ్ళాను. ఆమె జనపనార దువ్వి గడ్డం కుడుతున్నారు. "తప్పిపోయిన కుమారుని నాటకం ఏస్తున్నం. పెద్దకొడుకు ఏషానికి ఎవ్వలు దొరుకుతలేరు. నువ్వెయ్యాలె."

"నాకు నాటకాలు రావు టీచర్."

"ఏం లేదు, బయట నిలవడి మొకం మాడ్చుకోవాలె, గంతే. నెల సంది ప్రాక్టీసు జేస్తనే ఉన్నవు గదా!"

కథ చెప్పారు. చిన్నవాడు వాటా అడగడం, దూరదేశం పోయి పోగొట్టుకోవడం, తిరిగి రావడం, తండ్రి పరుగెత్తడం, విందు, పెద్దవాడు అలిగి బయటే నిలబడడం. వింటున్నకొద్దీ నా చెవులు వేడెక్కాయి. "టీచర్! మా ఇంటి ముచ్చట నాటకం రాసినవా? ఆఖరికి పొట్టేలును సుత ఇడువలేదు!"

ఆమెకు నవ్వాగక పొలమారింది. "గిది యేసుప్రభువు జెప్పిన కత బిడ్డా. గప్పటికి మీ ఊరే లేదు. అయినా గందుల పొట్టేలు గాదు, దూడ!"

"మరి పెద్దోడు లోపటికి పోయిండా?"

"రాయలేదు."

"రాయకపోవుడేంది?"

"ఆడు ఇంకా జవాబు చెప్పలేదు గావచ్చు" అని సూదిలోకి దారం ఎక్కించుకున్నారు.

విందు లెక్కా నాకే అప్పగించారు. తండ్రి వేషం ఆమెదే. రిహార్సళ్ళలో మాటల కంటే ప్రశ్నలే ఎక్కువ. "కొడుకు ఇంకా దూరంగ ఉన్నప్పుడే తండ్రి జూసిండు. ఎట్ల జూసిండు చెప్పు?" జవాబూ ఆమే చెప్పారు. "రోజూ తొవ్వ మీద కన్నేసి కూసున్నడు గన్క." నాయిన రెండేళ్ళూ సాయంత్రాలు మంచాన్ని దారికి ఎదురుగా వేయించుకునేవాడు. గాలి కోసమనుకున్నాను. మరోసారి, "తప్పయిందని చెప్పొచ్చినోన్ని మాట పూర్తి జెయ్యనియ్యొద్దు. ముందు మంచినీళ్ళియ్యాలె. మాటలు యాడికి పోతయ్?" అన్నారు. ఇప్పటికీ మా పనివాళ్ళెవరైనా తలదించుకుని వస్తే, నా చెయ్యి ముందు కుండ మీది గ్లాసు మీదికే పోతుంది.

పండుగ రోజు మధ్యాహ్నం చర్చి ముందర నాటకం. టీచర్ పెట్టిన పద్ధతి ఏమిటంటే, నాటకంలో తండ్రి చేసే విందే ఊరికి నిజం విందు. పందిట్లో విస్తళ్ళు వేసి ఉంటాయి. నాటకం ముగిస్తేనే వడ్డన. ఆకలితో పందులకేసే పొట్టు తినాల్సిన చిన్నకొడుకు వేషగాడు జేబులోంచి పల్లీలు తీసి నములుతుంటే జనం పడీ పడీ నవ్వారు. నా వంతు వచ్చింది. బయట నిలబడి పందిట్లోకి చూశాను. వడ్డించేవాళ్ళలో బగారా అన్నం బకెట్ పట్టుకుని నరేశ్ ఉన్నాడు. అది టీచర్ పనేనని అర్థమైంది. నేర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"పొద్దుమాపు పొలంల నేనే చేస్తి. నీళ్ళు నేనే వెడితి. ఆడు అన్ని వోగొట్టుకోనొస్తె, నా పొట్టేలును గోస్తిరి" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. ముందు వరుసలో ఉన్న నాయిన తల వంచుకున్నాడు. నరేశ్ బకెట్ కింద పెట్టేశాడు.

టీచర్ బయటికొచ్చారు. గడ్డం ఒక చెవి నుంచి ఊడి వేలాడుతోంది. చేతిలో మాటల కాగితం లేదు. "నీ లెక్కల తప్పులేదు కొడుకా" అన్నారు మెల్లగా. "నువ్వు నిలవడ్డ జాగనే తప్పు. గీడికెళ్ళి లోపటి బంతిల నీ విస్తరి కానరాదు. తండ్రి నీ కోసం సుత బయటికొచ్చిండు, జూసినవా?"

నేను కదల్లేదు. పందిట్లోంచి ఒక ముసలవ్వ గొంతు లేచింది. "ఓ పెద్దకొడుకా! జల్దీ లోపటికి రారాదు బిడ్డా, కూర సల్లారుతాంది! నీ అలుక జెయ్యబట్టి మాకు పస్తా?"

ఊరంతా ఘొల్లుమంది. టీచర్ గడ్డం పూర్తిగా ఊడిపోయింది. నాకూ నవ్వొచ్చింది. ఒకసారి నవ్వినవాడు మళ్ళీ అలగడం కష్టం. లోపలికి వెళ్ళి నాయిన పక్కన కూర్చున్నాను. నరేశ్ నా విస్తట్లో అన్నం వేస్తూ ఆపడం మరిచిపోయాడు.

"ఇగ చాలురా" అన్నాను. నెల రోజుల తర్వాత వాడితో నా మొదటి మాట అది.

"లెక్కగట్టింది నువ్వేనంట గదా అన్నా, యాడ తక్కువైతది?" అన్నాడు వాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజంతో తుడుచుకున్నాడు.

టీచర్ ఇప్పుడు లేరు. ఆ నాటకం ముగింపు ఏ పుస్తకంలోనూ లేదు గానీ, మా ఊళ్ళో అందరికీ తెలుసు. నేను, నరేశ్ కలిసి వంటల పని మొదలుపెట్టింది ఆ పందిట్లోనే. లెక్క నాది, బండి వాడిది.

నిన్న నేను గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని బయటికి వెళ్ళాను. చిన్నబాపు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. "నేను రాను. నా లెక్క మీకెందుకు?" అన్నాడు. ముందు నీళ్ళు చేతికిచ్చాను. ఆయన తాగేదాకా ఆగాను.

"మీ లెక్క నిన్ననే అయిపోయింది బాపు" అన్నాను. "మీ బియ్యం గా గిన్నెలనే ఉడుకుతున్నయ్. రాండ్రి."