రెక్కల ఉడుము, అద్దం రాణి

మా చిన్నప్పుడు రెక్కల ఉడుమును ఎటూ కదలకుండా చుట్టుముడితే ఆట గెలిచినట్టు...

అది డ్రాగన్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా కాక లారీ నడిపేవాడు. ఒకసారి హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ మీద అమ్ముతుంటే ఒక పాత అట్టపెట్టె కొనుక్కొచ్చాడు. లోపల బొటనవేలంత బొమ్మలు... గొడ్డలి పట్టిన పొట్టివాడు, గడ్డం మంత్రగాడు, ఈటెల సైనికులు, ఆ ఉడుము. గళ్ల అట్ట ఉంది గానీ పాచికలు లేవు. ఎలా ఆడాలో చెప్పే కాగితమూ లేదు. ఉన్నా మాకు ఇంగ్లిషు రాదు.

మాది మరిపెడ దగ్గర ఊరు. మా చేను దాటితే లంబాడీల తండా. అక్కడి జమునక్క నాకంటే కొంచెం పెద్దది. మా చేలో కూలికి వచ్చే వాళ్ల అమ్మ వెంట వచ్చేది. పెట్టె విప్పి చూసి, "గిది పులిమేక లెక్కనే ఉన్నది రా" అంది. అంతే... ఉడుము పులి అయింది, మిగతావాళ్లంతా మేకలయ్యారు. పాచికలకు బదులు అరగదీసిన చింతపిక్కలు.

పెట్టె మూత లోపల ఇంకో ఆట బొమ్మ అచ్చు వేసి ఉండేది. కిరీటం పెట్టుకున్న రాణి... ఆమె వెనక నల్లటి నీడలు. రెండో భాగం త్వరలో వస్తుందని రాశారట. కాక ఎవరితోనో చదివించుకొచ్చి చెప్పాడు. లారీ హైదరాబాద్ పోయి వచ్చిన ప్రతిసారీ అడిగేవాళ్లం.

"రాలేదు రా. వస్తే తేనా?" అనేవాడు కాక.

చివరికి జమునక్కకు విసుగొచ్చింది. "వాళ్లు చెయ్యకుంటే మనమే చేద్దాం తియ్" అంది.

ఎడ్ల అమావాస్యకు మా ఇంట్లో మట్టి ఎడ్లు చేస్తారు. ఆ ఏడు మిగిలిన మట్టితో జమునక్క రాణిని చేసింది. నీడలు ఎవరివో తెలియదు కాబట్టి తనకు తోచినట్టు చేసింది. ఒకడికి మేక తల పెట్టింది. ఇంకొకడికి తలే లేదు.

"గీనికి తల ఎందుకు లేదక్కా?"

"మట్టి అయిపోయింది."

అన్నింటినీ పొయ్యి బూడిదలో పెట్టి కాల్చింది. రాణి మెడ కింద గుండ్రటి అద్దం ముక్క లక్కతో అతికించింది. ఎక్కడిదని అడిగితే, "నీకెందుకు" అంది.

ఈ రెండో ఆటకు నియమాలన్నీ ఆమె దగ్గరే. సందర్భం వచ్చినప్పుడు ఒక్కొక్కటి చెప్పేది. మేక తలవాడు వెనక్కి నడవడు... తల లేనివాడికి ఎవరైనా దారి చూపాలి...

"మరి రాణి ఎట్ల చస్తది?"

"అప్పుడు చెప్త. ముందే చెప్తే నువ్వే గెలుస్తవ్."

మిరప ఏరే కాలం వచ్చింది. ఆ రోజుల్లో ఏటా తండాలో సగం ఇళ్లకు తాళాలు పడేవి. ఖమ్మం దిక్కు పోయి, మిరప అయిపోయాక తిరిగొచ్చేవాళ్లు. వాళ్లు బయలుదేరే పొద్దున మా ఆట సగంలో ఉంది. రాణిని మూడు వైపులా కట్టేశాను. వాళ్ల అమ్మ బయటి నుంచి కేకేసింది.

"కదపకు. మిర్చి అయినంక వస్త. నా వంతే" అని జమునక్క లేచింది.

లోపలి అర్ర మూలన పరిచిన ఆటను నేను కదపలేదు... కానీ ఆ ఏడు పత్తికి రేటు లేదు. ధర వచ్చేదాకా ఆగుదామని బాపు పత్తి ఇంట్లోనే పోయించాడు.

"బాపూ, గా మూలకు పొయ్యకు."

"మనమే బయట పండుకుంటున్నం, నీ బొమ్మలకు అర్ర గావాల్నా?"

పత్తి దూలాల దాకా వచ్చింది. అమ్మాక చూస్తే అట్ట వంగిపోయి ఉంది. బొమ్మలు తలో దిక్కు. ఎవరు ఏ గడిలో ఉన్నారో నాకు గుర్తే. మళ్లీ అలాగే పెట్టాను.

మిరప అయిపోయింది. తండావాళ్లు వచ్చారు. జమునక్క వాళ్లు రాలేదు. అటు నుంచి అటే భూపాలపల్లి దిక్కు పనికి పోయారన్నారు.

ఇప్పుడు నేను జనగామలో ఉంటున్నాను. ఈమధ్య ఫోన్‌లో పాత బొమ్మల ఆటలు సేకరించేవాళ్ల గుంపు ఒకటి కనిపించింది. అందులో మా పెట్టె ఫొటో ఉంది. అసలు ఆటలో డ్రాగన్ ఎగురుతుందట, దాన్ని చుట్టుముట్టడం కుదరదట. రెండో భాగం గురించి ఎవరో అడిగారు. నమూనాలు చేశారు గానీ అమ్మకానికి రానేలేదని ఇంకెవరో చెప్పారు. చాలామంది బాధపడ్డారు. ఆ రెండో భాగం మా ఇంట్లో స్టీలు డబ్బాలో ఉంది.

తండావాళ్లను అడిగి జమునక్క జాడ తెలుసుకుని, డబ్బా పట్టుకుని భూపాలపల్లి బస్సెక్కాను. ఆమె వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను పోల్చుకుంది. చాయ్ పెట్టింది. బొమ్మలన్నీ నేల మీద పేర్చాను.

"గివన్నీ నేనే చేసిన్నా? మస్తు తీరిక ఉండె నాకు" అని నవ్వింది.

"రాణి ఎట్ల చస్తదక్కా? అప్పుడు చెప్తనన్నవ్."

"ఏ రాణి? నాకేం యాదికి లేదు శీనూ."

ఏదో మర్యాదకి రాణిని చేతిలోకి తీసుకుంది. కొంగుతో దుమ్ము తుడిచింది. అద్దం బయటపడింది. వేలితో దాని అంచు తడిమి చూసింది.

"గిది మా యాడి రవికది" అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. "పెండ్లినాటి రవిక. అద్దం పీకినందుకు నన్ను బాగ కొట్టింది."

"అమ్మ ఎట్లున్నది?"

"పోయింది. ఆమెది ఒక్క గుడ్డ గూడ మిగల్లే." రాణిని కింద పెట్టకుండానే, "గిది నా దగ్గర ఉంచుకోనా?" అని అడిగింది.

ఇంకేం అంటాను... సరే అన్నాను.

తిరుగు బస్సులో డబ్బాలో తల లేనివాడు గలగలలాడుతూనే ఉన్నాడు.

ఇప్పటి పిల్లలు ఫోన్‌లో ఆట ఓడిపోతే ఒక్క వేలితో మళ్లీ మొదలుపెట్టుకుంటారు. మా ఆటను ఎలా ముగించాలో చెప్పేవాళ్లు ఎక్కడా లేరు. అట్ట మీద రాణి నిలిచిన నడిమి గడి ఖాళీగా ఉంది...

మీకూ అలా సగంలో ఆగిన ఆట ఉంటే, ఎవరి వంతు దగ్గర ఆగిందో చెప్పండి. మాది జమునక్క వంతు.