జంట పడవలో నీళ్లు

ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. మా అమ్మ చివరి రోజుల్లో ఆమె మంచం పక్కన కూర్చుని, రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుని, మింగేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకేనేమో, మీ దగ్గర నోరు పెగులుతోంది.

ప్రొద్దుటూరులో నాకు ఫైబర్ షెడ్డు ఉంది. నీళ్ల ట్యాంకులు, బాత్రూం తలుపులు, బస్సుల బంపర్లు చేస్తాను. ఈ పని నేనూ ఖాదరూ ఒకే మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాం. ఖాదర్ అతని అసలు పేరు కాదు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకరినొకరు మామా అని పిలుచుకునేవాళ్లం. తర్వాత అతను గల్ఫ్ పోయాడు. అక్కడ పడవలు బాగుచేసే చోట చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. అతను లేనన్నాళ్లూ మా వైపు ఫైబర్ పనంటే నేనే. ఆ పేరుకు ఎంత అలవాటు పడిపోయానో, అతను వచ్చాక గానీ నాకు తెలియలేదు.

జమ్మలమడుగులో ఒక సారు ఉండేవారు. ఓడల్లో ఉద్యోగం చేసి రిటైరై వచ్చారు. అక్కడి జలాశయంలో తిరగాలని ముచ్చటపడి, ఎక్కడినుంచో ఒక చిన్న తెరచాప పడవ తెప్పించారు. పక్కపక్కనే రెండు సన్నటి బోలు పడవలు, వాటి మధ్య బిగించి కట్టిన గట్టి గుడ్డ. ఆ గుడ్డ మీదే కూర్చోవాలి. జనం దాన్ని జంట పడవ అన్నారు. చూడ్డానికి బాగుండేది గానీ, నీళ్లలో దించిన కాసేపటికే రెండింటి కడుపుల్లోనూ నీళ్లు చేరేవి.

సారు ముందు నన్నే పిలిచారు. అడుగున గీత కనబడిన చోటల్లా గీకి, ఫైబర్ అతికించి, రెసిన్ జిగురు పూశాను. మళ్లీ నీళ్లు. ఇంకో పూత వేశాను. మళ్లీ నీళ్లే. ఈసారి సారు ఖాదర్‌ను తీసుకొచ్చారు.

ఆ జంటలో ఒక్కో పడవకూ వెనక నీళ్లు వదిలే రంధ్రం, దానికో మరబిరడా ఉంటాయి. ఖాదర్ ఆ బిరడా విప్పి, రంధ్రంలో పంపు గొట్టం పెట్టి మెల్లగా గాలి కొట్టాడు. పైనంతా సబ్బునీళ్లు చల్లాడు. బుడగలు అడుగున రాలేదు. పై చిప్పా కింది చిప్పా కలిసే అతుకు పొడవునా వచ్చాయి, చుక్కాని బోల్టుల చుట్టూ వచ్చాయి. నీళ్లు దిగేది పైనుంచి. నేను అన్నాళ్లూ కింద వెతికాను.

అతను నన్ను ఎగతాళి చేసి ఉంటే బాగుండేది. చెయ్యలేదు. సారు వింటుండగా నా వైపు తిరిగి, "నీ పని శానా గట్టిగుండాది మామా. నువ్వు ఏసిన చోట ఒక్క బుడగ రాలే" అన్నాడు. ఆ మాటకు నా లోపల ఏదో కాలింది. ఇంటికి వెళ్తే నా భార్య కూడా, ఖాదరన్న చేతిలో ఏదో ఉందంట కదా అంది. అన్నం సగంలో వదిలేసి లేచాను.

దేనికి అంత అసూయ? ఆ పని పోయినందుకా? కాదు, నాకు వేరే పనులున్నాయి. నన్ను మించిపోయానని అతనికి అసలు తెలియనే లేదు. గెలిచిన సంగతి కూడా పట్టని మనిషి ముందు ఓడిపోవడం ఎలా ఉంటుందో మీకెప్పుడైనా అనుభవమైందా?

ఖాదర్ ఆ అతుకులూ బోల్టుల చుట్టూ మూసేశాక, పడవ మళ్లీ నీళ్లలో దించే రోజు ఉదయం నేనూ వెళ్లాను. ఖాదర్ బిరడాలు రెండూ బిగించి, భార్యను తీసుకురావడానికి వెళ్లాడు. సారు తెరచాప తాళ్లు సర్దుకుంటూ అటు తిరిగి ఉన్నారు. నేను ఎడమ పడవ బిరడా విప్పాను. దాని మెడకున్న రబ్బరు వాషర్ లాగేసి, బిరడాను వదులుగా తిప్పి వదిలాను. వాషర్‌ను ముళ్లకంపలోకి విసిరేశాను. కాసిని నీళ్లు చేరతాయి, సారు నన్ను చూసినట్టే అతన్నీ చూస్తారు. అంతే అనుకున్నాను. నిజంగా అంతేనా? అంతే అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఖాదర్ భార్యతో వచ్చాడు. అన్నేళ్లూ ఆమె ఇక్కడ ఒంటరిగా ఉంది. అతను చేసే పని ఆమె కళ్లతో చూసింది లేదు. బురఖా మీద లైఫ్ జాకెట్ వేసుకోవడం చేతకాక నవ్వుతోంది. అతను వంగి బెల్టులు బిగిస్తున్నాడు. అప్పుడు నేను అరిచి ఉండొచ్చు. ఒక్క నిమిషం ఆగండి అంటే చాలు. కానీ నీకెలా తెలుసు అని అడిగితే? ఆ ఒక్క ప్రశ్నకు భయపడి, ఈత రాని ఆడమనిషి ఆ పడవ ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను.

సారుతో కలిపి ముగ్గురూ చాలా దూరం పోయాక గాలి పెరిగింది. ఎడమ పక్క కుంగింది. తెరచాప నీళ్ల మీద వాలిపోయింది. ఆమె దాని కింద చిక్కుకుంది. ఖాదర్ తెరచాప కిందికి దూరి ఆమెను బయటికి లాగాడు. మోటారు బోటు వెళ్లి ముగ్గురినీ తెచ్చింది. ఆమె బతికింది. కానీ తలమీద చెంబుడు నీళ్లు పోసుకోవాలన్నా చాలాకాలం వణికేదని తర్వాత విన్నాను. పడవను గట్టుకు లాగి బిరడా విప్పి చూస్తే వాషర్ లేదు. సారు ఆ బిరడాను ఖాదర్ చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు అతను నా షెడ్డుకు వచ్చాడు.

"మామా, ఆ పొద్దు రెండు వాషర్లూ ఏసినట్టే నాకు గుర్తుండాది. నువ్వు ఆడే ఉంటివి గదా. చూసినావా?"

"నేను చూల్లేదు మామా."

"ఏసినానా, లేదా? తల పగిలిపోతాంది."

"మరిసిపోయింటావులే. ఆమె వస్తాందని సంబరంలో ఉంటివి."

అతను తన చేతులు చూసుకున్నాడు. "అంతేనేమోప్పా. ఆ సంబరంలో ఆమెనే సంపుకుంటాంటి" అన్నాడు.

వాషర్ తీయడం ఒక తప్పు. ఆ మాట అనడం దాన్ని మించిన తప్పు. మొదటిది అతని పేరు తీసింది, రెండోది అతని చేతిమీద అతనికున్న నమ్మకం తీసింది. ఆ తర్వాత అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. పిలిచినా పోయేవాడు కాదు. కాపురం పులివెందులకు మార్చి, బావమరిది చెప్పుల అంగట్లో కూర్చున్నాడు. పడవల పని మళ్లీ నాకే వచ్చింది. ఇప్పుడు ఏ పడవ వచ్చినా నేను సబ్బునీళ్లే చల్లుతాను. ఎవరు నేర్పారని అడిగితే నవ్వి ఊరుకుంటాను.

ఈ మధ్య చెప్పేద్దామని పులివెందుల వెళ్లాను. మధ్యాహ్నం, అన్నానికి అంగడి మూస్తున్నాడు. భార్య పక్కనే ఉంది. తాళం వేశాడు. లాగి చూశాడు. నాలుగడుగులు నడిచి వెనక్కి వచ్చి మళ్లీ లాగాడు. "ఏసినానా?" అని ఆమెను అడిగాడు. "ఏసినావులే" అంది ఆమె. ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు అది. నేను రోడ్డు ఇవతలే ఉండిపోయాను. ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీకు లేదు, అడిగే ముఖం నాకు లేదు. రాస్తుంటే మాత్రం గుండె కొంచెం తేలికవుతోంది. ఈ తేలిక ముందు దక్కాల్సింది అతనికి, నాకు కాదు. అది తెలిసి కూడా ముందు మీకే చెబుతున్నాను, చూడండి, ఇప్పటికీ ఎంత పిరికివాణ్నో. అయినా ఇన్నేళ్లకు ఒక్కచోటన్నా నిజం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పొద్దున ఖాదర్ రెండు వాషర్లూ వేశాడు. ఒకటి నేను తీశాను.