నీడకు ఇటుక పెట్టిన మనిషి

చిన్నాయన పోయాడని శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. సులైబియాలో మొక్కలు అమ్మే చోట పనిచేస్తూ, అక్కడే రేకుల గదిలో ఉండేవాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. ఆయనది రాయచోటి వైపు, నాది కడప దగ్గర పల్లె. ఇక్కడ సబా అల్ సలేంలో నేను వంటచేసే అరబ్బుల ఇంటికి తోట వేయడానికి వచ్చి చిన్నాయన అయ్యాడు. మన మాట వినిపించేది ఆయన నోటే. ఇప్పుడు అదీ లేదు.

కొత్త ఇల్లు, చుట్టూ బోలెడంత ఖాళీ ఇసుక. మొదటిరోజే చెట్లు దిగుతాయని మామా, అంటే మా యజమానురాలు, ఎదురుచూసింది. ఈయన వచ్చి ఒక కుర్చీ అడిగాడు. పొద్దుగూకే దాకా దాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చున్నాడు. గోడ నీడ ఎక్కడిదాకా వస్తే అక్కడ ఒక ఇటుక పెట్టాడు. పనిదొంగ అనుకున్నాను.

"మామా నీకు కుర్చీ బాడుగ అడుగుతాదేమో చిన్నాయనా" అన్నాను.

"మొక్కదేముంది పాపా, దుడ్డిస్తే దొరుకుతాది. నీడ యాడ కొంటావు? ముందు దాన్ని చూసుకోవల్ల."

రెండోరోజు ఇసుక చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. ఉప్పు. వారం పాటు నీళ్ళు కట్టి కడగాలన్నాడు. పిల్లలు గేటు దాకా ఎటు పరిగెత్తుతారో, నేను చెత్త ఎటు మోస్తానో చూసి, ఆ దారి వారగా నీళ్ళ పైపు పరిచాడు. "దోవ మనుషులే గీస్తారు మ్మా. మనం అడ్డం పోగూడదు" అన్నాడు. మీలో ఎవరైనా పెద్ద తోట మొదలుపెట్టబోతుంటే ఇది గుర్తుంచుకోండి. నిదానమే ప్రధానమని అందరం అంటాం, ఆయన కుర్చీ వేసుకుని చేసి చూపించాడు.

ఒకరోజు నన్నడిగాడు, "ఇంటికి ఫోన్ యాడ నిలబడి చేస్తావు?" వంటింటి తలుపు బయట, గ్యాసు సిలిండర్ల పక్కన అని చూపించాను. మధ్యాహ్నం అక్కడ మాడు కాలిపోతుంది. అక్కడికి రెండడుగుల దూరంలో ఒక ఇటుక పెట్టి, "ఈడ యాపచెట్టు" అన్నాడు. ఈ దేశంలో నేను ఎక్కడ నిలబడతానని అడిగిన మనిషి ఆయనొక్కడే.

ఆయన పోవడానికి ముందురోజు, గురువారం, ఇంటికి చుట్టాలు వస్తున్నారు. శుభ్రంగా ఉంటుందని ఇటుకలన్నీ ఏరి గోడవారగా పేర్చేశాను. తర్వాత తప్పు తెలిసి భయపడుతూ ఫోన్ చేశాను.

"పోనీలే. రేపొచ్చి మళ్ళా కూసుంటా. నీడ యాడికి పోతాది?" అన్నాడు.

ఆ రేపే ఆయన పోయాడన్న ఫోన్. ఇంటినిండా చుట్టాలు, చివరిచూపుకు పోవడానికి కూడా నాకు ఆ శుక్రవారం సెలవు దొరకలేదు. ఆయన చేతి గుర్తులన్నీ నేనే చెరిపేశానన్న బాధ ఇంకా తీరలేదు.

వేరే మనిషిని పిలిచి అంతా ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తానంది మామా. తోట ఎక్కడ మొదలవ్వాలో ఆయన చూసిపెట్టాడు, ఒక్క శుక్రవారం నాకివ్వమని అడిగాను. "ఒక్కరోజే. తర్వాత ఖలాస్" అంది.

నా సెలవురోజంతా ఆ కుర్చీలోనే కూర్చున్నాను. నీడ వెంట జరుగుతూ, దాని అంచున ఇటుకలు పెట్టుకుంటూ వచ్చాను. సాయంత్రం మామా బయటికొచ్చింది. చాలాసేపు చూసి, "గడ్డి వద్దులే" అని ఇటుకలు తొక్కకుండా నడిచి లోపలికి వెళ్ళింది.

ఒక ఇటుక మిగిలింది, వేపచెట్టుది. దానికి నీడతో పనిలేదు, చోటు నాకు తెలుసు. వంటింటి తలుపు బయట, సిలిండర్లకు రెండడుగుల దూరంలో పెట్టి, పక్కనే ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. తోట కుదిరిందని చెప్పాల్సిన చిన్నాయన నంబరు తెర మీద ఉంది. సాయంత్రపు ఎండ ఇంకా ముఖాన కొడుతోంది.