వల చింపినవాడికి రాయితీ

ఎనభైల మొదట్లో ఒక ఉదయం విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒక జాలరి వల కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని చిరుగు అల్లుకుంటున్నాడు. నా చేతిలో రాష్ట్ర బడ్జెట్ వార్తలున్న పేపరు. గ్రంథాలయంలో అర్థశాస్త్రం పుస్తకాలన్నీ చదివినవాణ్ణి, ఊరుకుంటానా?

"మీకు మేలు జరిగిందయ్యా. మరబోట్ల డీజిల్ మీద పన్ను తగ్గించారు," అన్నాను.

అతను చిరుగులోంచి చెయ్యి మోచేతిదాకా దూర్చి చూపించాడు.

"ఇది బోటోడి పనే. నిన్న మా వల మీంచే పోనాడు. నాది తెప్ప బావూ, డీజిలెందుకు? నైలాను దారం మీద తగ్గించినారేటి?"

పేజీలన్నీ తిరగేశాను. "దాని మాట లేదు. పాత పన్నే."

"సరిగ్గా సూడు. సిన్న అచ్చరాల్లో రాసుంటారు."

సినిమా ప్రకటనల దాకా వెతికాను. లేదు.

"అయితే వల సింపినోడికి తగ్గింపు, కుట్టుకున్నోడికి పన్నా? ఏటి నాయం ఇది?"

దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపాడు. సాయంత్రంలోగా వల సిద్ధం కాకపోతే మర్నాడు అతనికి వేట లేదు, ఇంట్లో పొయ్యి వెలగదు. మంత్రిగారి ప్రసంగంలో మాత్రం మత్స్యకారుల సంక్షేమమన్న మాట పదే పదే ఉంది. ఆ సంక్షేమం బోటు యజమానుల దగ్గరే ఆగిపోయింది.

బస్సు వచ్చింది. అతను తలెత్తలేదు.

ఇప్పటికీ ఎవరికో పన్ను తగ్గించారని చదివితే, వాళ్ళు ఎవరి వల చింపి వచ్చారో ముందు చూస్తాను.