పగిలిన ఫ్లాస్కు పక్కన నా పేరు

పీహెచ్‌డీ సీటు కోసం బయటి దేశాల్లోని నలభై మంది ప్రొఫెసర్లకు మెయిల్ రాశాను. ఆరుగురు జవాబిచ్చారు. ఇవ్వని ముప్పై నలుగురి పేర్లూ ఇవాళ్టికీ అడిగితే చెప్పగలను. ఆ ఆరుగురిలో ఒకాయనైతే "థాంక్స్" అని ఒక్క ముక్క పంపి ఊరుకున్నాడు. దేనికి థాంక్స్?

గౌలిపురలో మా ఇంట్లో బర్రెలుండేవి. పాలు పెరుగయ్యే తీరు మీద ఆసక్తి నాకు అక్కడే మొదలైంది. ఎమ్మెస్సీలో కూడా పెరుగు బ్యాక్టీరియా మీదే పనిచేశాను. జవాబిచ్చిన వాళ్ళలో ఒకావిడ ల్యాబ్ పనీ అదే. ఒక ఖాళీ ఉంది, దరఖాస్తు పెట్టుకో అంది. ల్యాబ్‌లో నిన్ను చూసినవాళ్ళు నీ గురించి ఏమంటారో చదవాలని ఉంది అని కూడా రాసింది. గడువు వారం. రెండు రెకమెండేషన్ లెటర్లు కావాలి. ఒకటి దొరికింది. రెండోది మా గైడ్ సార్ ఇవ్వాలి.

సార్ కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తలేదు. "నువ్వే రాసుకొని తీసుకురామ్మా, సంతకం పెట్టి పంపిస్తా."

మా దగ్గర ఇది మామూలే, అందరూ రాసుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రెండేళ్ళు ఆయన ల్యాబ్‌లో పనిచేస్తే, నా గురించి చెప్పడానికి ఆయన దగ్గర నాలుగు మాటలు లేవా? ఇంట్లో కూర్చుని రాయబోయాను. పక్కవాళ్ళ తప్పులు రాయమంటే పుస్తకం నింపేదాన్ని. నా మంచి నేనే రాసుకోవాలంటే చేయి కదలలేదు. మూడు రోజులకు "కష్టపడే స్వభావం, క్రమశిక్షణ" దాకా వచ్చి ఆగిపోయాను.

"చాచాను అడుగరాదే," అంది అమ్మ. "దినాం నిన్ను చూసింది ఆయనే గద."

చాచా మా ల్యాబ్ అటెండర్. ఆ ఏడాదే రిటైరయ్యాడు. నేను అడగనన్నాను. ల్యాబ్‌లో చేరిన మొదటి నెలలో నా చేతిలో ఫ్లాస్కు పగిలితే, "కదలకు! కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా?" అని క్లాసంతా వినేట్టు అరిచాడు.

"గది పట్టుకొని ఎన్నేండ్లు ఏలాడుతవే? ఇంక నాలుగు దినాలే ఉన్నయ్, పో."

వెళ్ళాను. చార్మినార్ వెనక ఒక గల్లీలో వాళ్ళ ఇల్లు. చాచీ లక్క గాజులకు రాళ్ళు అద్దుతోంది. నేను రాసింది తెలుగులో చదివి వినిపించాను. చాచా పెదవి విరిచాడు.

"గిది ఎవరికన్న రాయొచ్చు బేటీ. గిండ్ల నువ్వేడున్నవ్? ఫ్లాస్కు పగిలిన దినం ఏమైందో రాయి."

"మీరు తిట్టిన్రు."

"గది కాదు. పగిలినయి రాసే రిజిస్టర్‌ల నీ పేరు నువ్వే రాసినవ్. ముప్పై ఏండ్ల సర్వీసుల ఎంతమంది పగలగొట్టిన్రో! ముక్కలు బెంచీ కిందికి తోసి పోయేటోళ్ళే అందరు. అడగకముందే రాసింది నువ్వొక్కదానివే."

ఆయన ఆగలేదు.

"ఫ్రీజర్ ఖరాబైనప్పుడు?"

అది సెలవు రోజు. ఫ్రీజర్‌లో అందరి బ్యాక్టీరియా కల్చర్లూ కరిగిపోతున్నాయి. మా నాన్న పాల క్యాన్ల నిండా ఐసు, ఉప్పు నింపి ఆటోలో తీసుకెళ్ళాను.

"నీ సీసాలే కాదు, అందరియి బచాయించినవ్."

"ఒక్కరన్న థాంక్స్ చెప్పలే."

"యాదున్నది. వారం దినాలు లొల్లి చేసినవ్. గది గూడ రాయి."

చాచీ గాజు కింద పెట్టి మరీ నవ్వింది.

అంతా రాసి తీసుకెళ్ళాను. సార్ చదివి, కళ్ళద్దాలు తీశారు. "ఇవేవీ నాకు తెలియవే," అన్నారు.

"చాచాకు తెల్సు సార్."

ఆ కాగితం నాకే తిరిగిచ్చి, చాచా నంబరు అడిగారు. ఆ రోజే ఆయనతో మాట్లాడి, లెటర్ తనే రాసి పంపారు. నాకు చూపించలేదు. చూపించకూడదట. అది కూడా నాకు నచ్చలేదు.

ఇంటర్వ్యూలో ఆవిడ మొదటి ప్రశ్నే, పాల క్యాన్‌లో ఐసు ఎంతసేపు ఆగింది అని. లెటర్‌లో ఏముందో నాకప్పుడు తెలిసింది. రెండు వారాలకు సీటు వచ్చింది.

అమ్మ చేసిన కోవా పట్టుకుని చాచా ఇంటికే ముందు వెళ్ళాను. సంగతి చెప్పాక కూడా గొంతులో ఉన్నది ఆగలేదు.

"మరి ఆ దినం గట్లెందుకు అరిచిన్రు?"

"చెప్పులు బయట ఇడిచి వచ్చినవ్. చుట్టూ గాజు ముక్కలు. ఒక్క అడుగేస్తే ఏమైతుండె?" అంటూ నా పాదాల వైపు చూశాడు, ఇప్పటికీ అక్కడ గాజు ఉన్నట్టు.

ఆయన మొదట అన్న మాట "కదలకు". రెండేళ్ళుగా నేను రెండో మాటనే మోస్తున్నాను.

"అయినా, క్లాసంతా వినేట్టు అరవాల్నా?"

"గలతీ అయింది, మాఫ్ చెయ్. ఆడ గూడ ఏదన్న పగిలితే పేరు రాయి."

"ఆడ గూడ ఎవరు థాంక్స్ చెప్పకపోతే?"

చాచా కోవా ముక్క నోట్లో వేసుకున్నాడు. "లొల్లి చెయ్," అన్నాడు.