మేకపిల్ల మూతి తిప్పుకున్న మందు

2022లో నేను తర్లుపాడు దగ్గర ఒక పల్లెలో పశువైద్యురాలిగా పనిచేస్తున్నాను. వానలు మొదలైన రోజుల్లో మస్తాన్‌బీ తన మేక చాందినిని ఆసుపత్రికి తోలుకొచ్చింది. పుట్టగానే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచుకున్న మేక అది. ఇప్పుడు రెండు పిల్లల తల్లి. పొదుగు ఒకవైపు గట్టిపడింది, చెయ్యి వేస్తే కాలిపోతోంది.

"పొదుగు చెడిపోయినాక ఎందుకు, కసాయికి ఇచ్చేద్దామంటన్నాడు మా ఆయన. నేనెట్ల ఇస్తాను డాక్టరమ్మా దీన్ని?" అంటూ కళ్లు తుడుచుకుంది.

మేం దీన్ని మాస్టైటిస్ అంటాం, అంటే పొదుగువాపు. పాలు విరిగాయో లేదో తెలియాలంటే నల్లటి దాని మీద పిండి చూడాలి. మా వైపు పలక ముక్కలకు కరువా? మస్తాన్‌బీ భర్త ఖాసిం పనిచేసేదే పలకల ఫ్యాక్టరీలో. నా దగ్గరున్న పలక ముక్క మీద రెండు ధారలు పిండితే తెల్లటి గడ్డలు తేలాయి.

మేక మేత మేస్తోంది, జ్వరం లేదు. అందుకని ముందు ఆకుమందే చెప్పాను. కలబంద, పసుపు, కాస్త సున్నం కలిపి నూరాలి. ఆ వైపు పాలు పూర్తిగా పిండి పారబోసి, పొదుగు కడిగి, రోజుకు చాలాసార్లు పూయాలి. మేత మానేస్తే మాత్రం ఇంజెక్షనే.

"కలబంద దొరుకుతుందా అక్కా?"

"దిష్టికి గుమ్మానికి కట్టింది ఉండాది గదా!"

వాపు తగ్గింది. నేనూ మురిసిపోయాను. కొద్దిరోజులకే వాపు మళ్లీ వచ్చింది. ఈసారి ఖాసిం కసాయికి కబురు కూడా పెట్టాడట. నాకు పంతం వచ్చి, పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను.

మేకల్ని మేతకు తోలే వేళ. మస్తాన్‌బీ గుప్పెడు పేడ తెచ్చి చాందిని చన్నులకు పూస్తోంది.

"ఏం చేస్తున్నావక్కా!" అని అరిచాను.

"పుయ్యకుంటే పిల్లలు మేతకాడే తాగేస్తాయి. సాయంత్రానికి నాకేం మిగుల్తాది? మా అమ్మ గూడా ఇట్లనే చేసేది," అంది తాపీగా.

నాకు ఒళ్లు మండిపోయింది. పేడలోని క్రిములు చన్ను కొసనున్న రంధ్రంలోంచి లోపలికి పోతాయి. "ఒక చేత్తో మందు పూసి ఇంకో చేత్తో రోగం పూస్తున్నావు!" అన్నాను. పాపం, ముఖం చిన్నబుచ్చుకుంది.

ఇద్దరం పేడ కడిగేసి మందు పూశాం. అంతలో ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి చన్ను నోట పెట్టింది. పెట్టిందో లేదో, మూతి తిప్పుకుని, చీది, అంత దూరం గెంతింది. ఎంత పిలిచినా మళ్లీ రాలేదు.

మస్తాన్‌బీ నా వైపు తిరిగింది. "చేదు గదా డాక్టరమ్మా! ఇదే పూస్తే పోలా?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ రోజే పేడ మానేసింది. జబ్బు నయమయ్యాక ఉత్త కలబంద ముక్క రుద్ది మేతకు పంపేది, సాయంత్రం శుభ్రంగా కడిగి పాలు పిండుకునేది. కసాయి వచ్చి వట్టి చేతులతో వెళ్లాడు.

మందు చెప్పి ఊరుకుంటే చాలదని, పొద్దున్నే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో కళ్లారా చూడాలని చాందిని దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరు మేకను తెచ్చినా నా మొదటి ప్రశ్న, "పిల్లలు తాగకుండా ఏం పూస్తున్నారు?" అనే.

మొన్న చాందిని మళ్లీ ఈనిందంటే చూడ్డానికి వెళ్లాను. ఖాసిం పొదుగు దగ్గర గొంతుక్కూర్చుని పలక ముక్క మీదకు పాలు పిండుతున్నాడు. నన్ను చూసి ఆ పలక ముందుకు చాపాడు.

"ఒక్క గడ్డ ఉంటే చెప్పమ్మా," అన్నాడు.