దేవమణి గదిలో మునసబూ కరణమూ

మా నందిగామ కోర్టు వెనక వీధిలో మేకపోతు కంపు కొడితే అది ఆస్తి. ఎలుక కంపు కొడితే నేరం. ఈ న్యాయం ఎవరు రాశారో గానీ, మా పక్క గదిలో అద్దెకుండే దేవమణి మీద మటుకు దాన్ని బాగా అమలు చేశారు.

దేవమణి మిషనాసుపత్రిలో ఆయాగా చేసి మానేసింది. మోకాళ్ళు పోయాయి గానీ నోరు పోలా. బతుకుతెరువుకి తెల్ల ఎలుకల్ని పెంచేది. బెజవాడ నుంచి ఓ కాలేజీ వాళ్ళొచ్చి పాఠాలకని కొనుక్కెళ్ళేవాళ్ళు. టీ పెట్టెలకి ఇనప వల కొట్టించి, అడుగున ఊక పరిచి, జొన్నలూ చద్దన్నమూ పెట్టి, ఒక్కోదాన్నీ పేరు పెట్టి తిట్టేది.

ఆడవాటితో ఏ తంటా లేదు. తంటా అంతా రెండు పోతులతోనే. రెంటినీ ఒకచోట ఉంచితే చెవులు కొరుక్కుంటాయని వేరే వేరే పెట్టెల్లో పెట్టింది. ఒకడు మునసబు, ఇంకొకడు కరణం. అవేం పేర్లని మా అమ్మ అడిగితే, పోయిన చోటల్లా హద్దులేస్తారు గదమ్మా అంది. నిజమే. మునసబుని చేతిలోకి తీసుకుంటే చాలు, ముందు ఆమె మణికట్టు మీద ఓ ఉచ్చచుక్క వేసి, ఈ భూమి మాదేనని నమోదు చేసుకునేవాడు. ఆ చుక్కల వాసనే వీధికెక్కింది.

మా గదుల ఓనరు వరప్రసాదరావు. మేకపోతు ఆయనదే. అది తన గడ్డం మీద తనే పోసుకుంటుంది. ఆ గాలి తగిలితే కోర్టుకొచ్చిన పార్టీలు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుంటారు. దీనికోసం చిల్లకల్లు నుంచి ఆడమేకల్ని తోలుకొస్తారయ్యా అని ఆయన మీసం తిప్పుతాడు. అట్టాంటి మనిషి దేవమణి గుమ్మం ముందు నిలబడి, నెలాఖరుకల్లా వాసన పోకపోతే గది ఖాళీ చెయ్యమన్నాడు. పైగా, మీ వాళ్ళకి శుభ్రం తెలీదులే అన్నాడు.

గది పోతే ఎలుకల్తో సహా ఇంకెవరిస్తారు? ఎలుకలు పోతే కూడెక్కడిది? అంతకంటే, ఆ 'మీ వాళ్ళు' అన్న మాట ఆమెకి ముల్లులా దిగింది. ఆసుపత్రి నేలని అద్దంలా కడిగిన చెయ్యి అది. పంతం పట్టింది. పొద్దున్నే ఊకంతా పారబోసి, పెట్టెలు ఫినాయిలుతో తోమి, గదంతా కడిగి, గుమ్మంలో కల్లాపి చల్లేది. ఓనరు భార్య సీతారావమ్మ ఎలుకల మీద చల్లమని పసుపునీళ్ళు పంపింది. అవీ చల్లింది. మునసబు పెళ్ళికొడుకయ్యాడు.

వాసన తగ్గలా సరికదా, రెట్టింపైంది. ఎవడో హద్దురాళ్ళు పీకేసినట్టు, కడిగిన మర్నిమిషం పోతులు రెండూ కంగారుగా నాలుగు మూలలూ తిరిగి మళ్ళీ చుక్కలు వేసేవి. ఆమె మళ్ళీ కడిగేది. అవి మళ్ళీ వేసేవి. మోకాళ్ళు బూరెల్లా వాచిపోయాయి. అటు మేకపోతు దర్జాగా గడ్డం తడుపుకుంటూ నెమరేస్తోంది. నాకు ఒళ్ళు మండి దాని మెడకో ఫినాయిలు సీసా కట్టా. దిష్టికేమో అనుకుని ఎవరూ విప్పలేదు.

నెల చివర్లో దేవమణికి జ్వరమొచ్చి మంచం దిగలేదు. మా అమ్మ గంజి ఇచ్చి, ఎలుకలకి జొన్నలు వేసొచ్చేది. ఎలుకలంటే భయం కాబట్టి పెట్టెల్లో చెయ్యి పెట్టలా. తడిసిన చోట ఊక కర్రతో లాగేసి, పైన కాస్త కొత్తది జల్లేది, అంతే. పెట్టెలు తోమలేదు గనక వాటి హద్దులు వాటికున్నాయి, మళ్ళీ వేసే పని పడలా. మునసబూ కరణమూ ముడుచుకుని పడుకున్నారు.

చెప్పిన రోజుకి వరప్రసాదరావు దిగాడు. సామాను బయట పెట్టించడానికి పాలేరుని కూడా వెంటేసుకొచ్చాడు. గుమ్మంలో గాలి పీల్చాడు. లోపలికొచ్చి, వంగి, పెట్టె మీద ముక్కు పెట్టి మరీ పీల్చాడు. ఊక వాసన తప్ప ఏం లేదు.

"చూశావా, గట్టిగా చెప్తే శుభ్రం అదే అబ్బింది. ఏం పెట్టి కడిగావు?"

అంతా మీ దయేనండి అనమని మా అమ్మ కళ్ళతో సైగ చేసింది. గది దక్కడానికి ఆ ఒక్క ముక్క చాలు. కానీ అక్కడున్నది దేవమణి.

"కడగటం మానేసానండి. మంచమెక్కా. కడిగినన్నాళ్ళే కంపు."

పాలేరు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. ఓనరుకి ముక్కు చెప్పింది కాదనటానికి లేదు, చెవి విన్నది ఒప్పుకోటానికి మనసు రాదు. "సరే, ఇట్టాగే రోజూ కడుగుతుండు" అని వెళ్ళిపోయాడు. ఖాళీ మాట మళ్ళీ ఎత్తలా.

ఇప్పుడు దేవమణి ఊక మార్చినప్పుడల్లా పాతది ఓ గుప్పెడు మునసబు మూలనా కరణం మూలనా వదిలేస్తోంది. వాసన లేదు. వరప్రసాదరావు భయపెట్టి భలే దారికి తెచ్చాడని వీధి వీధంతా ఆయన్నే మెచ్చుకుంటోంది. మేకపోతుని ఒక్కడూ ఒక్క మాటనడు. నేను చిందులు తొక్కితే దేవమణి మటుకు నవ్వి ఊరుకుంటుంది. లోపల కడక్కపోయినా, ఓనరు బయటికొచ్చే వేళకి గుమ్మంలో ఇంత కల్లాపి చల్లుతుంది.

ఇంకా ఎందుకే తల్లీ అని మా అమ్మ అంటే, "ఆయన హద్దు ఆయనకి కనపడాలిగా" అంటుంది.